అండంలో తప్పిన లెక్క: క్రోమోజోముల కథ, సంతాన చికిత్స కథ



1980వ దశకపు తొలి సంవత్సరాలలో నేను ఒక తాలూకా కేంద్రంలోని ప్రభుత్వ ఆసుపత్రిలో పనిచేసేవాడిని. ఒక సాయంత్రం 39 సంవత్సరాల స్త్రీని రక్తస్రావంతో తీసుకొనివచ్చారు. పెండ్లయిన చాలా ఏళ్లకు ఆమెకు గర్భం నిలిచింది, మూడవ నెల నిండకుండానే పోయింది. అంతకు ముందు సంవత్సరమూ అలాగే జరిగింది. గుమ్మం దగ్గర నిలబడిన అత్తగారు, “గ్రహణం నాడు కత్తిపీట ముట్టుకోవద్దంటే విన్నది కాదు బాబూ” అన్నది. మంచం మీది స్త్రీ ఆ మాటలకు బదులు చెప్పలేదు. అత్తగారు బయటకు వెళ్లిన తరువాత మాత్రం, “నా వల్లనే పోయిందా డాక్టరు గారూ?” అని మెల్లగా అడిగింది.

నేను గ్రహణాన్ని నమ్మలేదు. అయినా ఆమెతో అన్న మాట ఇది: “బరువులేమైనా మోశావేమోనమ్మా. ఈసారి విశ్రాంతి తీసుకో.” ఇనుము మాత్రలు రాసి పంపించాను. అత్తగారు నేరాన్ని కత్తిపీట మీద పెట్టింది, నేను నీళ్లబిందె మీద పెట్టాను. ఇద్దరమూ కలిసి ఆ నేరాన్ని ఆమెకే అంటగట్టాము.

తొలి మూడు నెలలలో పోయే గర్భాలలో దాదాపు సగం క్రోమోజోముల లెక్క తప్పడం వలననే పోతాయని అప్పటికే వైద్యగ్రంథాలు చెబుతున్నాయి. ఆ వయస్సులో ఆ పాలు ఇంకా ఎక్కువ. ఆమెకు కారణం అదేనని నేను ఈనాడు నిర్ధారించలేను, పరీక్ష చేయించలేదు కనుక. కాని ఆమె ప్రశ్నకు ఇవ్వదగిన సమాధానం ఒకటి ఉన్నది. ఆ సమాధానం శాస్త్రానికి ఎలా దొరికిందో, ఆ వెతుకులాటలోనే నేటి సంతాన చికిత్స ఎలా పుట్టిందో మీకు చెప్పడానికే ఈ వ్యాసం.

కంటికి కనబడిన అండం

ప్రతి ప్రాణీ అండం నుంచే పుడుతుందని పూర్వులు ఊహించినా, క్షీరదాల అండాన్ని చాలాకాలం ఎవరూ చూడలేదు. 1672లో డచ్చి వైద్యుడు ద గ్రాఫ్ అండాశయంలో నీటిబుడగలవంటి పుటికలను వర్ణించాడు. పలువురు వాటినే అండాలని భ్రమపడ్డారు. 1827లో కోనిగ్స్‌బర్గ్ నగరపు ఆచార్యుడు కార్ల్ ఎర్నెస్ట్ ఫాన్ బేర్ ఒక కుక్క అండాశయంలోని పుటికను చీల్చి, దానిలోని చిన్న పసుపుపచ్చని చుక్కను సూక్ష్మదర్శిని కింద పరిశీలించాడు. అసలైన అండం అదే. మనిషి అండం కొలత మిల్లీమీటరులో దాదాపు పదవ వంతు. శరీరంలోని కణాలన్నిటిలోనూ పెద్ద కణాలలో ఒకటైనా, కంటికి ఇసుకరేణువు కంటే చిన్నగానే కనిపిస్తుంది.

1876లో ఆస్కార్ హెర్ట్‌విగ్, ముళ్లబంతి వంటి సముద్రజీవి అయిన సీ అర్చిన్ అండంలోకి శుక్రకణం ప్రవేశించి, రెండు కేంద్రకాలు ఏకం కావడాన్ని చూపించాడు. అంతటితో ఒక చిక్కు వచ్చింది. ప్రతి తరంలోనూ రెండు కేంద్రకాలు కలిసిపోతూ ఉంటే, అందులోని సరుకు తరతరానికీ రెట్టింపు కావలసి ఉంటుంది కదా! 1883లో బెల్జియం శాస్త్రజ్ఞుడు ఎడువార్ ఫాన్ బెనెడెన్ గుర్రం పేగులలో ఉండే ఏలికపాము అండాలను పరిశీలించి ఆ చిక్కును విప్పాడు. అండంలోనూ, శుక్రకణంలోనూ కేంద్రకపు పోగులు మిగిలిన కణాలలో ఉన్నవాటిలో సగమే ఉంటాయి. సగమూ సగమూ కలిసి మళ్లీ పూర్తి అవుతాయి. రంగు వేస్తే చక్కగా పట్టే ఆ పోగులకు 1888లో వాల్డెయర్ క్రోమోజోములు అని పేరు పెట్టాడు. వాటిని సగం చేసే ప్రత్యేక విభజనను మన పాఠ్యపుస్తకాలు క్షయకరణ విభజన అంటాయి.

ఆ లెక్క ఎంత ముఖ్యమో 1902లో థియొడోర్ బొవేరి తెలియజేశాడు. ఆయన, ఆయన భార్య మార్సెల్లా సీ అర్చిన్ అండాలలోకి ఒకటికి బదులు రెండేసి శుక్రకణాలు ప్రవేశించేలా చేశారు. ఆ అండాలలో క్రోమోజోములు సమంగా పంపకం కాలేదు. పిండాలు రకరకాలుగా వికృతి చెంది నశించాయి. ఏ క్రోమోజోము పని దానిదే, ఒకటి తగ్గినా ఒకటి పెరిగినా పిండం సక్రమంగా ఎదగదు అని బొవేరి తేల్చాడు. మనుషుల గర్భస్రావాలకు సమాధానం ఆ ప్రయోగంలో దాగి ఉన్నదని అప్పటికి ఎవరికీ తోచలేదు.

తల్లి వయస్సు మీద పడిన దృష్టి

ఇప్పుడు ఆసుపత్రుల వైపు వద్దాం. 1866లో ఇంగ్లండు వైద్యుడు జాన్ లాంగ్డన్ డౌన్, ఒకరినొకరు పోలిన ముఖాలు, మందమైన బుద్ధివికాసం గల కొందరు పిల్లలను వర్ణించాడు. వారిని ఒక జాతి పేరుతో పిలవడం ఆ కాలపు అపచారం. ఆ పేరు అనుచితమని 1961లో శాస్త్రజ్ఞులు అభ్యంతరం తెలిపిన తరువాత ‘డౌన్ సిండ్రోమ్’ అన్న మాట స్థిరపడింది. ఈ పిల్లలు ఎందుకు పుడతారన్న ప్రశ్నకు వైద్యులు చాలాకాలం తల్లిదండ్రులనే వేలెత్తి చూపారు. కొందరు సుఖరోగమన్నారు, కొందరు మద్యపానమన్నారు, మరికొందరు క్షయ అన్నారు. వరుస కాన్పులతో తల్లి గర్భాశయం అలసిపోయిందన్నవారూ ఉన్నారు. మన గ్రహణపు కథకు ఇవి ఏమంత దూరం?

1933లో లయొనెల్ పెన్రోజ్ అనే వైద్యుడు కథలను పక్కన పెట్టి లెక్కలు తీశాడు. ఇంగ్లండులోని కోల్చెస్టర్‌లో ఉన్న సంస్థలోని పిల్లల కుటుంబాలను పరిశీలించి, తల్లి వయస్సు, తండ్రి వయస్సు, ఎన్నవ కాన్పు అన్న మూడు సంగతులను విడదీసి లెక్క కట్టాడు. వయసైన తల్లికి సాధారణంగా వయసైన భర్తే ఉంటాడు, ముందు కాన్పులూ ఎక్కువగానే ఉంటాయి. అందువలన ఈ మూడింటినీ విడదీయడం సులభం కాదు. విడదీసి చూస్తే తండ్రి వయస్సుకు ప్రమేయం కనబడలేదు, తల్లి వయస్సు ఒక్కటే నిలిచింది. అంతకు ముందు సంవత్సరమే డచ్చి నేత్రవైద్యుడు వార్డెన్‌బర్గ్, దీనికి మూలం క్రోమోజోములు విడిపోకపోవడమే కావచ్చని ఊహించాడు. అలా విడిపోకపోవడం సాధ్యమేనని 1916లోనే కాల్విన్ బ్రిడ్జెస్ పండ్ల ఈగలలో రుజువు చేసి ఉన్నాడు. కాని మనుషులలో చూపించాలంటే ముందు మనిషి క్రోమోజోములను సరిగా లెక్కపెట్టగలగాలి. ఆ పనే ఇంకా కాలేదు.

నలభై ఆరు

1923లో థియొఫిలస్ పెయింటర్ మనిషికి 48 క్రోమోజోములని ప్రకటించాడు. మూడు దశాబ్దాలు లోకమంతా 48 అనే చదువుకున్నది. ఎందరో సూక్ష్మదర్శినిలో చూసి కూడా 48 అనే లెక్కపెట్టారు. పెద్దలు చెప్పిన అంకెకు కళ్లు కూడా లొంగిపోతాయనడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కరలేదు.

1952లో అమెరికాలో టి.సి. హ్సు అనే శాస్త్రజ్ఞుని ప్రయోగశాలలో కణాలను పొరపాటున పలుచని ఉప్పునీటిలో కడిగారు. కణాలు నీరు పీల్చుకొని ఉబ్బి, కిక్కిరిసి ఉన్న క్రోమోజోములు విడివిడిగా పరచుకున్నాయి. ఆ కిటుకును ఉపయోగించి, జావా ద్వీపంలో పుట్టిన జో హిన్ జియో 1955 డిసెంబరులో స్వీడన్‌లోని లుండ్ నగరంలో ఆల్బర్ట్ లెవాన్ ప్రయోగశాలలో లెక్కించాడు. మళ్లీ మళ్లీ 46 అనే వచ్చింది. 1956లో అది ప్రచురితమైంది.

సరైన అంకె తెలిసిన మూడేళ్లకే తప్పిన అంకె దొరికింది. పారిస్‌లో మార్త్ గోతియె అనే యువ వైద్యురాలు స్వయంగా కణాల పెంపకాన్ని నెలకొల్పి, డౌన్ సిండ్రోమ్ గల బిడ్డ కణాలలో 47 క్రోమోజోములను చూసింది. ఫొటోలు తీయించడానికి పలకలను జెరోమ్ లెజూన్‌కు అప్పగించింది. 1959 జనవరిలో వెలువడిన వ్యాసంలో లెజూన్ పేరు ముందు, గోతియె పేరు తరువాత, వారి ఆచార్యుడు తుర్పాన్ పేరు చివర వచ్చాయి. కీర్తి లెజూన్‌కు దక్కింది. తన పాత్ర ఏమిటో గోతియె 2009లో వివరంగా రాశారు. ఆమె వాదనకు బలం ఉన్నదని 2014లో ఫ్రాన్సు జాతీయ వైద్య పరిశోధన సంస్థ నైతిక సంఘం అభిప్రాయపడింది.

అదే 1959లో టర్నర్, క్లైన్‌ఫెల్టర్ సిండ్రోములలో కూడా క్రోమోజోముల లెక్క తప్పిందని బయటపడింది. 1960లలో కెనడాలో డేవిడ్ కార్, తరువాత పారిస్‌లో బువే దంపతులు గర్భస్రావమైన పిండాలను పరీక్షించారు. పుట్టిన బిడ్డలలో అరుదుగా కనబడే తప్పు, పోయిన పిండాలలో కొల్లలుగా కనబడింది. పుట్టిన పిల్లలలో దాదాపు కనిపించని 16వ క్రోమోజోము అదనం, గర్భస్రావాలలో అన్నిటికంటే తరచుగా కనిపించే వాటిలో ఒకటి. లెక్క తప్పిన పిండాలను చాలావరకు ప్రకృతే తొలి వారాలలో ఆపివేస్తున్నది. తల్లి బిందె మోసినా, మోయకపోయినా.

అమ్మమ్మ కడుపులో మొదలైన పని

ఈ తప్పు ఎక్కువగా అండంలోనే ఎందుకు జరుగుతుంది? డౌన్ సిండ్రోమ్‌లో అదనంగా వచ్చిన 21వ క్రోమోజోము సుమారు పదింట తొమ్మిది సందర్భాలలో తల్లి నుంచే వస్తుందని తరువాతి పరీక్షలు తేల్చాయి. దీనిని తల్లి దోషంగా వినకండి. అండం జీవితచరిత్ర తెలిస్తే సంగతి బోధపడుతుంది.

పురుషునిలో శుక్రకణాలు యౌవనం నుంచి నిత్యం కొత్తగా తయారవుతూ ఉంటాయి. స్త్రీలో అలా కాదు. ఆడపిల్ల తల్లి గర్భంలో ఐదు నెలల పిండంగా ఉన్నప్పుడు ఆమె అండాశయాలలో 60 నుంచి 70 లక్షల అండకణాలు ఉంటాయి. పుట్టేనాటికి అవి 10 నుంచి 20 లక్షలకు, రజస్వల అయ్యేనాటికి మూడు నాలుగు లక్షలకు తగ్గుతాయి. జీవితకాలంలో విడుదలయ్యేవి సుమారు 400 మాత్రమే. మీరు పుట్టిన అండం మీ అమ్మ శరీరంలో తయారైనది నిజమే. కాని అది రూపుదిద్దుకోవడం మొదలైనది మీ అమ్మ ఇంకా మీ అమ్మమ్మ కడుపులో ఉన్నప్పుడు.

అక్కడే క్షయకరణ విభజన మొదలవుతుంది. జంట క్రోమోజోములు దగ్గరకు చేరి, తమలో తాము ముక్కలు మార్చుకొని, ఒకదానినొకటి అంటిపెట్టుకొని ఉంటాయి. అక్కడితో పని ఆగిపోతుంది. పదిహేనేళ్లో, ముప్పై ఏళ్లో, నలభై ఏళ్లో ఆ అండం అదే భంగిమలో నిద్రిస్తుంది. విడుదలకు ముందు మాత్రమే మేలుకొని, జంటలను విడదీసి, సగాన్ని ధ్రువకణం అనే చిన్న కణంలో పెట్టి బయటకు నెట్టివేస్తుంది. రెండవ విభజన శుక్రకణం ప్రవేశించిన తరువాతనే పూర్తి అవుతుంది.

ఇన్నేళ్లపాటు క్రోమోజోములను కట్టి ఉంచేవి కొహీసిన్ అనే మాంసకృత్తులు. పురికొసతో కట్టిన కట్టలను ఊహించుకోండి. పిండదశలో కట్టిన పురికొసలు ఏళ్లు గడిచేకొద్దీ వడలి తెగుతాయి, వాటిని మళ్లీ కట్టే ఏర్పాటు దాదాపు లేదు. ఎలుకలపై జరిగిన పరిశోధనలు 2010 నుంచి ఈ సంగతిని స్పష్టం చేస్తూ వచ్చాయి. క్రోమోజోములను ఇరువైపులకూ లాగే పోగుల నిర్మాణాన్ని నేతగాళ్ల పనిముట్టు పేరుతో కండె అంటారు. 2015లో మెలీనా షుహ్ బృందం మనిషి అండంలో ఈ కండె ఏర్పడడానికి సుమారు 16 గంటలు పడుతుందని, ఆ సమయంలో అది తరచు నిలకడ తప్పుతుందని చూపించింది. అంటే వయస్సుతో వచ్చే బలహీనతకు తోడు, మనిషి అండానికి పుట్టుకతోనే కొంత అస్థిరత ఉన్నదన్న మాట. 2019లో వెలువడిన మరొక పరిశోధన ప్రకారం తప్పులు పెద్ద వయస్సులోనే కాక, పదమూడు పద్నాలుగేళ్ల బాలికల అండాలలో కూడా ఎక్కువే. ఇరవైలలో అవి అత్యల్పంగా ఉండి, ముప్పై ఐదు దాటిన తరువాత వేగంగా పెరుగుతాయి. బాల్యవివాహాలను వ్యతిరేకించడానికి ఉన్న కారణాలకు ఇది మరొకటి.

అంకెలలో చెప్పాలంటే, డౌన్ సిండ్రోమ్ గల బిడ్డ పుట్టే అవకాశం తల్లికి 25 ఏళ్లప్పుడు సుమారు 1,250లో ఒకటి, 35 ఏళ్లప్పుడు సుమారు 350లో ఒకటి, 40 ఏళ్లప్పుడు సుమారు 100లో ఒకటి, 45 ఏళ్లప్పుడు సుమారు 30లో ఒకటి. ఇది భయపెట్టడానికి కాదు. 40 ఏళ్ల తల్లికి కూడా 100లో 99 సార్లు ఆ సమస్య లేని బిడ్డే పుడుతుంది.

ప్రశ్న నుంచి పుట్టిన చికిత్స

ఇక్కడ చరిత్ర ఒక మలుపు తిరిగింది. టెస్ట్‌ట్యూబ్ శిశువు చికిత్సకు ఆద్యుడైన రాబర్ట్ ఎడ్వర్డ్స్ వైద్యుడు కాడు, జన్యుశాస్త్రజ్ఞుడు. ఎడిన్‌బరోలో ఎలుకల క్రోమోజోములను చదివినవాడు. 1959 నాటి ఆవిష్కరణలు వినగానే ఆయనకు కలిగిన సందేహం ఇది: మనిషి అండంలో క్రోమోజోములు ఎప్పుడు, ఎలా దారి తప్పుతున్నాయి? తెలుసుకోవాలంటే అండం శరీరం వెలుపల పక్వం చెందుతూ ఉండగా కళ్లతో చూడాలి.

మోలీ రోజ్ అనే స్త్రీవైద్య నిపుణురాలు, శస్త్రచికిత్సలలో తొలగించిన అండాశయపు ముక్కలను ఆయనకు ఇచ్చేవారు. మనిషి అండం 12 గంటలలో పక్వమవుతుందని గ్రెగరీ పింకస్ అంతకు ముందు రాసి ఉన్నాడు. ఎడ్వర్డ్స్ 12 గంటలు ఆగి చూస్తే అండంలో కదలిక లేదు. చాలాకాలం విఫలుడై, చివరకు ఇంకా ఎక్కువసేపు వేచి చూశాడు. దాదాపు 36 గంటలు కావాలని తేలింది. 1965లో ఆ ఫలితాన్ని ప్రచురించినప్పుడు, క్రోమోజోముల లోపాలను అర్థం చేసుకోవడానికీ, సంతానలేమికి చికిత్స చేయడానికీ కూడా ఇది దారి తీస్తుందని ఆయన గ్రహించాడు. 1968లో హెండర్సన్‌తో కలిసి, తల్లి వయస్సు పెరిగేకొద్దీ జంట క్రోమోజోముల ముడులు తగ్గుతాయన్న సిద్ధాంతాన్ని ప్రతిపాదించాడు. అదే సంవత్సరం లాపరోస్కోపు నిపుణుడు పాట్రిక్ స్టెప్టో ఆయనకు తోడయ్యాడు. ప్రయోగశాల భారాన్ని జీన్ పర్డీ మోసింది. 1969లో మనిషి అండం శరీరం వెలుపల ఫలదీకరణ చెందిన సంగతి ప్రకటించారు. 1971లో బ్రిటిష్ వైద్య పరిశోధన మండలి వారికి ధనసహాయం నిరాకరించింది.

1978 జూలై 25న ఓల్డ్‌హామ్‌లో లూయీస్ బ్రౌన్ పుట్టింది. లోకం ఆ ఒక్క బిడ్డనే గుర్తుంచుకున్నది. ఆ దశాబ్దంలో 282 మంది స్త్రీలు ఆ ప్రయత్నంలో పాల్గొన్నారు. 112 సార్లు పిండాన్ని గర్భాశయంలో ప్రవేశపెట్టారు. ఐదుసార్లు గర్భం నిలిచింది, ఇద్దరు శిశువులు పుట్టారు. మిగిలిన స్త్రీలు రిక్తహస్తాలతో ఇంటికి వెళ్లారు. నేటి చికిత్స వారి ఓర్పు మీద నిలిచి ఉన్నది. 2010లో ఎడ్వర్డ్స్‌కు నోబెల్ బహుమతి వచ్చేనాటికి స్టెప్టో, పర్డీ జీవించి లేరు.

మన దేశంలోనూ అదే సంవత్సరం, అక్టోబరు 3న, కలకత్తాలో డాక్టర్ సుభాష్ ముఖర్జీ కృషితో ఒక శిశువు పుట్టింది. ఆయన పిండాన్ని ఘనీభవింపజేసి, నిలవ ఉంచి, తరువాత గర్భాశయంలో ప్రవేశపెట్టాడు. ప్రభుత్వం నియమించిన సంఘం ఆయన మాటను నమ్మలేదు. 1981లో ఆయన ఆత్మహత్య చేసుకున్నాడు. 1986లో బొంబాయిలో డాక్టర్ ఇందిరా హిందుజాతో కలిసి టెస్ట్‌ట్యూబ్ శిశువును సాధించిన శాస్త్రజ్ఞుడు టి.సి. ఆనంద్‌కుమార్, 1997లో ముఖర్జీ రాతలను చదివి, ఆ ఘనత ముఖర్జీదేనని బహిరంగంగా చాటాడు. తనకు దక్కిన ‘ప్రథమ’ స్థానాన్ని మరణించిన మరొకరికి అప్పగించిన ఆ నిజాయితీని మన వైద్యవిద్యార్థులకు పాఠంగా చెప్పాలి.

ఎంచగలం, సరిచేయలేం

అండం శరీరం వెలుపలికి వచ్చిన తరువాత, లెక్క తప్పని పిండాన్నే ఎంచి ప్రవేశపెట్టవచ్చు కదా అన్న ఆలోచన సహజం. ఎడ్వర్డ్స్, గార్డ్‌నర్‌తో కలిసి 1968లోనే కుందేలు పిండాల లింగాన్ని ముందుగా గుర్తించి ప్రవేశపెట్టాడు. 1990లో లండన్‌లో అలన్ హాండీసైడ్ బృందం వంశపారంపర్య వ్యాధులున్న కుటుంబాలలో పిండాన్ని పరీక్షించి గర్భధారణ సాధించింది. తెలిసిన జన్యువ్యాధిని తప్పించడానికి ఆ పరీక్ష నేటికీ గొప్ప వరం.

క్రోమోజోముల లెక్కకు కూడా ఇదే పద్ధతి మేలు చేస్తుందని 1990లలో ఎందరో నమ్మారు. మూడవ రోజు పిండం నుంచి ఒక కణాన్ని తీసి, కొన్ని క్రోమోజోములకు రంగుల గుర్తులు వేసి లెక్కించేవారు. సరైన పోలికతో పరీక్షించకుండానే ఈ పద్ధతి దేశదేశాలకు పాకింది. 2007లో నెదర్లాండ్స్ వైద్యులు 35 నుంచి 41 ఏళ్ల 408 మంది స్త్రీలను రెండు వర్గాలుగా చేసి పోల్చారు. పరీక్ష చేయని వర్గంలో 35 శాతం మందికి బిడ్డలు పుట్టారు. పరీక్ష చేసిన వర్గంలో 24 శాతం మందికే పుట్టారు. మేలు చేస్తుందనుకున్నది కీడు చేసింది.

ఆ తరువాత పద్ధతి మారింది. ఇప్పుడు ఐదారు రోజుల పిండం వెలుపలి పొర నుంచి కొన్ని కణాలను తీసి అన్ని క్రోమోజోములనూ పరీక్షిస్తారు. దీనిని పి.జి.టి.-ఎ. అంటారు. పద్ధతి మెరుగైనది నిజమే. కాని తీసిన కణాలు మాయగా మారవలసినవి, బిడ్డగా మారవలసినవి కావు. ఒకే పిండంలో కొన్ని కణాలు సరిగా, కొన్ని తప్పుగా ఉండడం కూడా సాధారణం. 2015లో ఇటలీలో అటువంటి మిశ్రమ పిండాలను 18 మంది స్త్రీలలో ప్రవేశపెడితే ఆరుగురికి ఆరోగ్యవంతులైన బిడ్డలు పుట్టారు.

ఐరోపాలో 36 నుంచి 40 ఏళ్ల స్త్రీలలో, అండం బయటకు నెట్టిన ధ్రువకణాలనే పరీక్షించిన అధ్యయనం 2018లో వెలువడింది. బిడ్డలు పుట్టినవారు రెండు వర్గాలలోనూ 24 శాతమే. గర్భస్రావాలు మాత్రం 14 నుంచి 7 శాతానికి తగ్గాయి. 2021లో చైనాలో 37 ఏళ్ల లోపు, మంచి పిండాలు కనీసం మూడు ఉన్న 1,212 మందిని పోల్చినప్పుడు, పరీక్షించిన వర్గంలో 77.2 శాతం, పరీక్షించని వర్గంలో 81.8 శాతం మందికి బిడ్డలు పుట్టారు. కొంత పెద్ద వయస్సు వారికి, ప్రవేశపెట్టిన ప్రతి పిండానికీ లభించే ఫలితం పరీక్షతో మెరుగుపడవచ్చునన్న సూచనలు ఉన్నాయి. గర్భస్రావపు దుఃఖం తగ్గడం, వృథా ప్రయత్నాలు తగ్గడం కూడా చిన్న మేలు కాదు. కాని ఈ పరీక్ష ఒక్క మంచి పిండాన్ని కూడా కొత్తగా పుట్టించదు. ఉన్న ధాన్యాన్ని చేటలో పోసి చెరుగుతుంది, పొల్లును గింజగా మార్చదు.

ఆ పరిమితిని దాటే మార్గం ప్రస్తుతం ఒక్కటే, వయస్సులో చిన్నదైన స్త్రీ దానం చేసిన అండం. 1984 నుంచి అటువంటి జననాలు జరుగుతున్నాయి. 2019 సెప్టెంబరులో మన గుంటూరులో డెబ్బై ఏళ్లు దాటిన స్త్రీకి కవలలు పుట్టిన వార్త మీకు గుర్తుండే ఉంటుంది. అవి దాత అండాలు. గర్భాశయం కంటే అండం వయస్సే ముఖ్యమని ఆ వార్త నిరూపించింది. ఆ వయస్సులో గర్భం తల్లి ప్రాణానికే ముప్పు కనుక దానిని ఆదర్శంగా తీసుకోరాదు. 2021 నాటి చట్టం ఈ చికిత్సను స్త్రీకి 50, పురుషునికి 55 ఏళ్లు దాటరాదని నియమించింది. అండదాత 23 నుంచి 35 ఏళ్ల లోపు ఉండాలి, జీవితంలో ఒక్కసారే దానం చేయాలి. పిండం లింగాన్ని ఎంచుకోవడం నేరం. ఏ పరీక్ష పేరుతోనైనా అటువంటి ఆశ ఎవరైనా చూపితే వారికి దూరంగా ఉండండి.

మీరు అడగవలసిన ప్రశ్నలు

ఈ చరిత్ర నుంచి మీరు ఇంటికి తీసుకువెళ్లవలసినవి కొన్ని ఉన్నాయి.

గర్భస్రావం జరిగిన స్త్రీని ఏం తిన్నావు, ఏం మోశావు అని అడగకండి. రెండు మూడుసార్లు జరిగితే భార్యాభర్తలిద్దరూ పరీక్షలు చేయించుకోండి. క్రోమోజోములే కాక గర్భాశయ నిర్మాణం, థైరాయిడ్, రక్తం గడ్డకట్టే లోపాలు కూడా కారణాలు కావచ్చు. సంతానం కలగకపోవడానికి కారణం పురుషునిలో ఉండడం ఏమాత్రం అరుదు కాదు. గొడ్రాలు అన్న మాట మన భాషలో ఉన్నది గాని, దానికి జతగా మగవానికి అంత తేలికగా నోటికి వచ్చే మాట లేకపోవడం శాస్త్రం చేసిన తప్పు కాదు.

వయస్సు 35 దాటి, ఆరు నెలలు ప్రయత్నించినా గర్భం రాకపోతే కాలయాపన చేయకుండా నిపుణులను కలవండి. యాంత్రికంగా సంవత్సరాలు వేచి ఉండవద్దు. యోగ్యమైన ఆహారం, పొగాకు మానడం, తగిన బరువు ఆరోగ్యానికి మేలే. కాని అండంలో తెగిన పురికొసలను మళ్లీ కట్టే మందు గాని, పొడి గాని, కషాయం గాని లేదు. ఉన్నదని చెప్పి అమ్మేవారిని నమ్మకండి.

ఐ.వి.ఎఫ్. కేంద్రంలో అదనపు పరీక్ష సూచిస్తే నిస్సంకోచంగా ఇవి అడగండి. నా వయస్సు వారిలో, నాకున్నన్ని పిండాలున్నప్పుడు, ఈ పరీక్ష వలన బిడ్డ పుట్టే అవకాశం పెరుగుతుందా, లేక గర్భస్రావం మాత్రమే తగ్గుతుందా? మిశ్రమ ఫలితం వస్తే ఆ పిండాన్ని ఏం చేస్తారు? పరీక్షకు పిండాలే మిగలకపోతే ఏమిటి? తెలియజెప్పే వైద్యుడు విసుగుకోడు. విసుగుకుంటే మరొకరిని అడిగే హక్కు మీకున్నది.

డౌన్ సిండ్రోమ్ గల బిడ్డ ఇంట్లో ఉంటే, ఆ బిడ్డ శాపఫలం కాదు. హృదయ పరీక్ష, థైరాయిడ్ పరీక్ష, చిన్ననాటి నుంచే శిక్షణ ఇస్తే ఆ పిల్లలు చదువుకుంటారు, పనులు చేసుకుంటారు, ఇంటిని నవ్విస్తారు.

చివరగా, ఆ సాయంత్రం మంచం మీది స్త్రీ గురించి. ఆమె మళ్లీ మా ఆసుపత్రికి రాలేదు. బ్రతికి ఉంటే ఇప్పుడు ఎనభై దాటి ఉంటుంది. ఆమె ప్రశ్నకు నలభై ఏళ్లు ఆలస్యంగా నా సమాధానం ఇది: “లేదమ్మా, నీ వల్ల కాదు. కత్తిపీట వల్లా కాదు, బిందె వల్లా కాదు. నీవు పుట్టకముందే, మీ అమ్మ కడుపులో నీవు ఉన్నప్పుడే మొదలైన ఒక లెక్క అది. అది తప్పడంలో నీ ప్రమేయం ఏమీ లేదు.”

మీ ఇంట్లోనో, మీ పక్కింట్లోనో ఆ ప్రశ్న మనసులోనే దాచుకొని ఉన్న స్త్రీ ఒకరు ఉండే ఉంటారు. నేను ఆలస్యం చేశాను. మీరు చేయకండి.